నాలుక కింద

ఎనిమిది నిమిషాలు మాట్లాడకూడదు.
మింగకూడదు, ఉమ్మకూడదు.
నాలుక కింద తెల్లటి పొడి కరిగేదాకా
నా కొడుకు నేలకేసి చూస్తూ కూర్చుంటాడు,
నేను గడియారంకేసి.

మొదటి రోజు చినవాల్తేరు మలుపులో
ఆటోవాడు గట్టిగానే అడిగాడు,
"పిచ్చాసుపత్రి గేటు దగ్గరేనా?"
లోహిత్ తల దించుకున్నాడు.
నేను జేబులో చిల్లర లెక్కపెట్టాను,
లెక్కపెట్టిందే మళ్లీ.

పదిహేడేళ్లు గుంటడికి.
బాక్సింగు రింగులో భుజం జారింది,
నొప్పికి మాత్రలిచ్చారు.
నొప్పి పోయింది. మాత్రలు పోలేదు.
తర్వాత గూడ్స్ షెడ్డు వెనక ఎవడో సూది అలవాటు చేశాడు.
ఇంట్లో గ్రైండరు పోయింది,
వాళ్లమ్మ ముక్కుపుడక పోయింది.
మే నెల ఉక్కలో మణికట్టు దాకా బొత్తాలు పెట్టుకుని
ఫుల్ హ్యాండ్స్ చొక్కాలో తిరిగేవాడు.
ఓడ పక్కన గీతలు చూసి
ఎంత లోతు మునిగిందో చెప్పే నాకు
ఆ చొక్కా ఏటో తట్టలేదు.

"వణుకు మొదలవ్వాలి, అప్పుడే మందు,
ముందే వేస్తే ఇంకా పాడవుతాడు" అంది డాక్టరమ్మ.
నా మేనకోడలంత ఉంటుంది.
ఆ రాత్రి డాబా మీద కాపలా కూర్చున్నాను,
కన్నబిడ్డ ఎప్పుడు వణుకుతాడా అని ఎదురుచూస్తూ.
ఆవలింతలు. ముక్కు కారడం.
ఈకలు పీకిన కోడిలా ఒళ్లంతా గగుర్పాటు.
"ఒక్కసారి నాన్నా, ఒక్కటే."
"తెల్లారనీ."
డాల్ఫిన్ నోస్ మీద దీపం తిరుగుతూనే ఉంది,
చుట్టుకొక అబద్ధం చెప్పాను:
అయిపోయింది, ఇంకొంచెమే, అయిపోయింది.

"ఒక మత్తు మాన్పించడానికి ఇంకో మత్తేటి బావూ?"
కుళాయి దగ్గర సత్తెమ్మక్క అడిగింది.
నేనూ అదే అడిగాను డాక్టరమ్మని,
ఎన్నాళ్లమ్మా అని కూడా.
"ఎన్నాళ్లు కావాలో అన్నాళ్లు" అంది.

ఇరవై ఆరేళ్లుగా రేవులో ఓడలకి తాళ్లు వేస్తున్నాను.
కాలికి చుట్టుకుంటే అదే తాడు
మనిషిని నీళ్లలోకి లాక్కుపోతుంది. చూశాను.
దిమ్మకి వేస్తే
అంత ఓడనీ అలా పట్టుకుని నిలబెడుతుంది.
తాడుందని ఓడని బందీ అనరు మా రేవులో ఎవరూ.
హుద్‌హుద్ నాడు రెండేసి తాళ్లు వేశాం;
గాలి ఆగిందని ఆ రాత్రే విప్పెయ్యలేదు.
ఇదంతా సత్తెమ్మక్కకి చెప్పలేదు.
నాకు మాట ఎప్పుడూ
బిందె నిండి ఇంటికొచ్చాకే తడుతుంది.

ఇరవై మూడో రోజు వాడు రాలేదు.
పూర్ణా మార్కెట్టు, ఫిషింగ్ హార్బరు,
కంచరపాలెం గేటు, మళ్లీ గూడ్స్ షెడ్డు,
ఫోటో చూపిస్తూ తిరిగాను.
ఫోటోలో మెడల్ ఉంది, నవ్వు ఉంది.
అలాంటివాణ్ని ఎవరూ చూడలేదన్నారు.
నిజమే చెప్పారు.

ఐదో పొద్దున
నాకంటే ముందే గేటు దగ్గర నిలబడున్నాడు,
ఒక కాలికే చెప్పు.
నరసమ్మ సిస్టర్ కార్డు తీసింది.
నాలుగు గళ్లు ఖాళీ.
ఎర్ర గీత కొడుతుందనుకున్నాను.
కొట్టలేదు,
అయిదో గడిలో తేదీ వేసి
"నోరు తెరు నాన్నా" అంది.
చెప్పు సంగతి అడగబోయి
గడియారం చూశాను.

ఎనిమిది నిమిషాలు.

బయట బండి దగ్గర రెండు ప్లేట్లు ఇడ్లీ చెప్పాను.
తిన్నాడు. నా ప్లేటు వాడివైపు జరిపాను,
అదీ తిన్నాడు.
ఎన్ని మాటలు కూడబెట్టుకుని వచ్చానో,
నా నాలుక కిందే ఉన్నాయి.

"చట్నీలో ఉప్పు లేదు" అన్నాడు.

వేలితో తీసి నాకి చూశాను.
లేదు.